ఉప్పు కడిగిన నేల

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివే సమయం వస్తుంది. జ్వరంతో ఉన్న పిల్లవాని పేరు చదువుతారు. పరీక్షలు రాయబోయే అమ్మాయి పేరు చదువుతారు. గల్ఫుకు వెళ్లిన కుమారుని పేరు కూడా చదువుతారు. ఆ తరువాత ఒక చీటీ దగ్గర చదివేవారి గొంతు తగ్గుతుంది. “అనారోగ్యంగా ఉన్న ఒక సహోదరి కొరకు” అని మాత్రమే వినబడుతుంది.

ఆ సహోదరి ఎవరో సంఘమంతటికీ తెలుసు. ఆమెకు వచ్చిన జబ్బు ఏమిటో కూడా తెలుసు. అయినా ఆ పేరు పలకడానికి మనకు నోరు రాదు. మన తాతలు దానిని రాచపుండు అన్నారు. మనలో చాలామంది నేటికీ “ఆ జబ్బు” అనే అంటాము. బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల పల్లెల్లో పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇల్లయితే తల్లికి వచ్చిన కాన్సరును బంధువులకు కూడా తెలియనివ్వరు.

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము కాన్సరు, సుమారు 1,27,000 మందికి గర్భాశయ ముఖద్వార కాన్సరు కొత్తగా వచ్చాయి. ఇంతమంది తల్లులు, అక్కలు, వదినలు ఈ బాటలో నడుస్తున్నారు. వారి శరీరానికి జరిగే చికిత్స గూర్చి డాక్టర్లు చెబుతారు. ఆ నెలల్లో వారి మనసుకు ఏమి జరుగుతుందో, ఆ మనసు చితికిపోకుండా ఎదగడానికి కుటుంబము, సంఘము ఏమి చేయగలవో ఈ వ్యాసంలో ఆలోచించాలని మా కోరిక.

చికిత్స అనే ప్రయాణం

ముందుగా ఆమె పడే పాట్లు ఏమిటో తెలుసుకుందాము. కాన్సరు చికిత్సలో ముఖ్యమైనవి మూడు. ఆపరేషను చేసి గడ్డను తీయడం ఒకటి. నరం ద్వారా మందు ఎక్కించే కీమో రెండవది. మన పల్లెల్లో “కరెంటు పెట్టడం” అని పిలిచే రేడియేషన్ మూడవది. కొందరికి ఒకటి చాలు, కొందరికి మూడూ అవసరమవుతాయి. రొమ్ము కాన్సరుకు కీమోను చాలాసార్లు మూడు వారాలకు ఒకసారి ఇస్తారు. అలా నాలుగు నుండి ఎనిమిది పర్యాయాలు. రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుండి ఆరు వారాలు.

రేపల్లె దాటి కృష్ణ ఒడ్డున ఉన్న పల్లెలోని స్త్రీకి ఈ లెక్క ఎలా ఉంటుందో ఆలోచించండి. తెల్లవారుజామున లేచి బస్సో, తెనాలి వైపు రైలుబండో పట్టుకోవాలి. గుంటూరు, విజయవాడ చేరి వరుసలో కూర్చోవాలి. రక్తం పరీక్షలో తెల్లకణాలు తగ్గాయంటే ఆ రోజు మందు ఎక్కించకుండానే తిరిగి రావాలి. హైదరాబాదో, మద్రాసు అడయారో, వేలూరో వెళ్లవలసి వస్తే అక్కడ గది అద్దెకు తీసుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలువబడుతున్న పథకం వలన ఆసుపత్రి ఖర్చులో పెద్ద భాగం పేదలకు తప్పింది. అయినా తోడు వచ్చినవారి కూలి పోవడం, దారి ఖర్చులు, పాడి గేదెను చూసుకునే మనిషి లేకపోవడం ఏ కార్డులోనూ రాయరు.

మొదటి కీమో తరువాత రెండు మూడు వారాలకు దువ్వెనతో పాటు జుట్టు ఊడివస్తుంది. నోరు పూసి కారం తగిలితే మంట. అన్నం వాసనకే వాంతి. ఎంత పడుకున్నా తీరని నీరసం. రొమ్ము తీసివేసిన స్త్రీ జాకెట్టు తొడుక్కునే ప్రతి ఉదయమూ ఆ మచ్చను చూడవలసిందే. చంకలోని గ్రంథులను కూడా తీసివేస్తే ఆ చేయి వాచవచ్చు. బిందె ఎత్తడానికి, నాట్లు వేయడానికి ఆ చేయి మునుపటిలా సాయం రాదు.

వీటన్నిటికంటె లోతుగా తగిలే దెబ్బ ఇంకొకటి ఉన్నది. ఇంతకాలం ఆమె ఇంటిలో అందరికీ వండిపెట్టింది, అందరి జ్వరాలకూ తానే కాపలా ఉన్నది. ఇప్పుడు మంచినీళ్ల గ్లాసు కోసం కూడా కోడలి వైపు చూడాలి. “నేను ఎవరికి పనికివస్తాను?” అనే ప్రశ్న అక్కడ పుడుతుంది. ప్రార్థించే స్త్రీ అయితే మరొక ప్రశ్న కూడా వస్తుంది. “ఇంత నమ్మకంగా ఉన్న నాకే ఎందుకు ఇలా?”

ఉప్పెన తరువాత

మన తీరంలో పుట్టినవారికి ఈ స్థితిని ఒక పోలికతో చెప్పవచ్చు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను చూసిన పెద్దలు దివిసీమలోనూ, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లోనూ నేటికీ ఉన్నారు. సముద్రపు నీరు పొలాల మీదికి వచ్చి వెళ్లిపోయింది. నీరు వెళ్లినా ఉప్పు మిగులుతుంది. ఉప్పు పట్టిన చేనులో వెంటనే విత్తనం చల్లితే మొలక రాదు. కాలువ నుండి మంచినీరు పెట్టి, నిలవగట్టి, ఆ నీటిని మురుగు కాలువలోకి తీసివేయాలి. మళ్లీ పెట్టాలి, మళ్లీ తీయాలి. ఓపికగా అలా కడిగితే నేల తిరిగి పంటకు వస్తుంది. ఆ పంట ఉప్పెన పుణ్యమని ఏ రైతూ అనడు. మంచినీటి వలన, మనుష్యుల కష్టం వలన పండిందని అంటాడు.

మనసును గూర్చి పరిశోధించినవారు కూడా ఇంచుమించు ఇదే చెప్పారు. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు షార్లెట్ శాఖలో పనిచేసిన రిచర్డ్ టెడెస్కి, లారెన్స్ కాల్హౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పెద్ద విపత్తులకు లోనైనవారిని పరిశీలించారు. గాయం తరువాత కొందరిలో కనబడే ఎదుగుదలను కొలిచేందుకు 1996లో 21 వాక్యాలతో ఒక ప్రశ్నావళి ప్రకటించారు. ఆ ఎదుగుదల ఐదు విధాలుగా కనబడుతుందని వారు చెప్పారు. తోటి మనుష్యులతో బంధం లోతుగా మారడం. ఇంతకుముందు తలచని కొత్త దారులు కనబడడం. “దీనిని తట్టుకున్నాను కదా” అనే లోపలి బలం. ఆత్మీయ జీవితంలో మార్పు. చిన్న చిన్న దినచర్యలను కూడా విలువగా ఎంచడం.

ఇంకొక ముఖ్యమైన మాట కూడా వారు చెప్పారు. ఎదుగుదల విపత్తులో నుండి నేరుగా రాదు. జీవితం గూర్చి మనకున్న నమ్మకాలు కూలిపోయిన తరువాత, వాటిని తిరిగి పేర్చుకోవడానికి మనిషి పడే పెనుగులాటలో నుండి వస్తుంది. ఆ పెనుగులాటకు తీర్పు తీర్చకుండా వినే ఒక చెవి చాలా సాయం చేస్తుంది.

ఇది పాశ్చాత్య దేశాలకే పరిమితమని కొందరు అనుకోవచ్చు. బెంగుళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు రొమ్ము కాన్సరు దాటివచ్చిన మన దేశపు స్త్రీలతో మాట్లాడి 2016లో ఒక వ్యాసం ప్రకటించారు. జీవితాన్ని చూసే చూపు మారడం, తమ్మును తాము బాగుగా తెలుసుకోవడం, బంధాలు దగ్గర కావడం, భక్తి లోతు కావడం వంటివి ఆ స్త్రీలు చెప్పిన మాటల్లో కనబడినవి.

మన ఇళ్లలో ఈ మార్పు చాలా చిన్న రూపంలో వస్తుంది. ఏనాడూ “నాకు ఇది కావాలి” అని అడగని తల్లి ఒక రోజు “నాకు ఈ పూట పెరుగన్నం చాలు, ఎక్కువ పెట్టకండి” అంటుంది. డాక్టరు ఎదుట భర్త వెనుక నిలబడే స్త్రీ తానే నోరు తెరిచి “ఈ మందు ఎందుకండీ?” అని అడుగుతుంది. పదేళ్లుగా మాటలు లేని తోడికోడలిని పిలిపించుకుంటుంది. వార్డులో పక్క మంచం మీద కొత్తగా చేరిన అమ్మాయి ఏడుస్తుంటే, తన తలగుడ్డ తీసి చూపించి “నాకూ ఊడింది, మళ్లీ మొలుస్తుంది” అని చెబుతుంది. వార్తాపత్రికలకు ఇవి ఎక్కవు. అయినా ఒక స్త్రీ తన విలువను తాను కనుగొనడం ఇలాగే మొదలవుతుంది.

దారి చూపిన స్త్రీలు

న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే గృహిణికి రొమ్ము కాన్సరు వచ్చి ఆపరేషను జరిగింది. ఆ తరువాత చేయి ఎలా కదపాలి, బట్టలు ఎలా తొడుక్కోవాలి, భర్తతో, పిల్లలతో ఏమని చెప్పాలి అనే ప్రశ్నలకు జవాబు చెప్పేవారు ఆమెకు కనబడలేదు. తనకు దొరకనిది ఇతరులకు దొరకాలని 1952లో ఆమె ఆసుపత్రి మంచాల దగ్గరకు వెళ్లి కొత్తగా ఆపరేషను అయిన స్త్రీలను పరామర్శించడం ప్రారంభించింది. మొదట్లో కొందరు డాక్టర్లకు అది నచ్చలేదు. అయినా ఆమె మానలేదు. ఆ పనిని 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ తన కార్యక్రమంగా స్వీకరించింది, తరువాత అది ఎన్నో దేశాలకు వ్యాపించింది. ఆమె డాక్టరు కాదు. ఆ దారిలో ముందు నడిచిన మనిషి, అంతే.

మన తెలుగు స్త్రీని ఒకరిని చూద్దాము. 1987 నాటి ‘దయామయుడు’ చిత్రం మన పల్లెల్లో తెలియనివారు అరుదు. ఆ రోజుల్లోనే చిత్రాల్లోకి వచ్చిన శ్రీకాకుళం ఆడపడుచు గౌతమికి 35వ ఏట రొమ్ము కాన్సరు వచ్చింది. అందంతో ముడిపడిన వృత్తిలో ఉన్న స్త్రీకి అది దాచుకోవలసిన విషయమని లోకం అనుకుంటుంది. చికిత్స పొంది కోలుకున్న తరువాత ఆమె తన జబ్బును గూర్చి బహిరంగంగా మాట్లాడింది. ‘లైఫ్ ఎగైన్’ అనే సంస్థను స్థాపించి కాన్సరు రోగులకు ధైర్యం చెప్పే పనిలో దిగింది.

పోగొట్టుకున్నవారి దుఃఖం కూడా కొన్నిసార్లు ఇతరులకు నీడ అవుతుంది. వైద్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డిగారి చెల్లెలు కాన్సరుతో మరణించింది. ఆ వేదన ఆమెను వదలలేదు. ఏళ్ల తరబడి పాటుపడి 1954లో అడయారు కాన్సరు ఆసుపత్రిని నెలకొల్పింది. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల నుండి ఎందరో తెలుగు స్త్రీలు ఆ ఆసుపత్రి గడప తొక్కారు. నందమూరి బసవతారకమ్మగారు 1984లో కాన్సరుతో కన్నుమూశారు. ఆమె పేరిట హైదరాబాదులో 2000 సంవత్సరంలో కాన్సరు ఆసుపత్రి వెలిసింది. ఈ స్త్రీలు మరణించారు, బ్రతకలేదు. ఆ నష్టం నష్టమే. దానిని చూసినవారు దానితో ఏమి చేశారన్నది వేరే సంగతి.

ఎదగమని బలవంతం చేయకండి

ఇక్కడ మేము ఒక హెచ్చరిక చేయదలిచాము. ఎదుగుదల గూర్చి విన్నవారు కొందరు రోగి దగ్గరకు వెళ్లి “ఏడవకమ్మా, ధైర్యంగా ఉండు, దీనివలన దేవుడు నీకు మేలే చేస్తాడు” అని వెంటనే అందుకుంటారు. మాటలో తప్పు లేకపోవచ్చు. సమయంలో తప్పు ఉన్నది. నిన్ననే బయాప్సీ కాగితం చూసిన స్త్రీకి ఆ మాట, ఏడవడానికి కూడా నీకు అనుమతి లేదన్నట్టు వినబడుతుంది. ఉప్పు కడగకుండానే విత్తనం చల్లినట్లవుతుంది.

కొందరు స్త్రీలలో ఏ ఎదుగుదలా కనబడకపోవచ్చు. చికిత్స ముగించి, “హమ్మయ్య, అయిపోయింది” అని వంటింటిలోకి వెళ్లిపోయే స్త్రీ ఓడిపోలేదు. బలంగా మాట్లాడిన స్త్రీయే రాత్రిపూట దుప్పటి కప్పుకొని ఏడవవచ్చు. ఎదుగుదల, దుఃఖం ఒకే ఇంటిలో కలిసి ఉండగలవని పరిశోధకులు కూడా చెబుతున్నారు.

“సంతోషంగా ఉంటే కాన్సరు దానంతట అదే పోతుంది” అనే మాట కూడా విస్తారంగా వినబడుతున్నది. దీనికి ఒక చరిత్ర ఉన్నది. 1989లో అమెరికా డాక్టరు డేవిడ్ స్పీగెల్, ఆయన సహచరులు ఒక ఫలితం ప్రకటించారు. ముదిరిన రొమ్ము కాన్సరు ఉన్న స్త్రీలు వారం వారం కలుసుకొని మనసు విప్పి మాట్లాడుకున్న గుంపులో, అలా కలుసుకోని వారికంటె ఆయుష్షు సగటున ఎక్కువగా కనబడింది. ప్రపంచమంతా ఆశపడింది. 2001లో కెనడాలో జరిగిన పెద్ద పరిశోధనలోనూ, 2007లో స్పీగెల్‌గారే మళ్లీ ప్రకటించిన పరిశోధనలోనూ ఆయుష్షు పెరగడం రుజువు కాలేదు. అయితే కెనడా స్త్రీలలో మనోవేదన తగ్గింది, నొప్పి బాధ కూడా తక్కువగా అనిపించింది. అనగా తోటివారి సహవాసం మందుకు బదులు కాదు. మందు తాకలేని చోటును అది తాకుతుంది. కనుక జబ్బు తిరగబెట్టిన స్త్రీతో “నీకు ధైర్యం చాలలేదు” అని ఎవరూ అనకూడదు. కణాల పనికి ఆమె ధైర్యాన్ని బాధ్యురాలిని చేయడం అన్యాయం.

అలాగే “ఏ పాపం చేసిందో” అనే గుసగుస, “విశ్వాసం ఉంటే ఆసుపత్రి ఎందుకు” అనే సలహా మన మధ్య నుండి తొలగిపోవాలి. రెండు కీమోలు అయిన తరువాత మధ్యలో మానివేసి, ఆరు నెలలకు ముదిరిన గడ్డతో తిరిగి వచ్చే స్త్రీల వెనుక చాలాసార్లు ఇటువంటి సలహా ఒకటి ఉంటుంది. ప్రార్థన చేయండి. ప్రార్థన ముగించి గుంటూరు బస్సు కూడా ఎక్కించండి.

యోబు స్నేహితులను మనం తప్పుపడతాము. వారు చేసిన మంచిపని ఒకటి ఉన్నది. మొదటి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచిన తరువాతనే గాయం పెంచారు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని కూడా తలచుకుందాము. ఎందరో వైద్యుల దగ్గర ఉన్నదంతా ఖర్చు చేసుకున్న స్త్రీ ఆమె. జనంలో దాగి వచ్చింది. అప్పుడు ప్రభువు ఒక పెద్ద మనిషి ఇంటికి అత్యవసరంగా వెళుతున్నారు. అయినా నిలిచి, ఆమె తన సంగతి అంతా చెప్పుకునేవరకు విన్నారు. అంతసేపూ జనసమూహం వేచియుండవలసి వచ్చింది. శరీరం బాగుపడిన తరువాత కూడా ఆమెకు ఒకటి కావలసియుండెను. పన్నెండేళ్ల కథను ఒకరు పూర్తిగా వినడం, కుమార్తె అని పిలువబడడం. మనసు ఎదుగుదలకు మంచినీటి కాలువ అదే.

ఇంటివారు చేయగలది

జబ్బు పేరు ఆమెకు చెప్పండి. “తట్టుకోలేదు” అని దాచే ఇళ్లలో ఆమెకు ఎలాగూ తెలిసిపోతుంది. వార్డు గోడ మీద రాసి ఉంటుంది, పక్క మంచంవారు చెబుతారు. తెలిసీ తెలియనట్లు నటించడం ఆమెకు ఇంకొక బరువు. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నదో ఆమెనే అడిగి, అంతవరకు నెమ్మదిగా చెప్పండి. ఏ ఆసుపత్రి, ఎప్పుడు, ఎవరు తోడు అనే నిర్ణయాల్లో ఆమె మాట ఉండాలి. శరీరం తన చేతుల్లో లేనప్పుడు ఈ చిన్న అధికారమే ఆమెను నిలబెడుతుంది.

భర్తలకు ఒక మాట. అన్నా, ఆమె జుట్టు ఊడిన రోజున మీ ముఖంలోకే మొదట చూస్తుంది. అక్కడ ఏమి కనబడుతుందో అది ఆమె ఏళ్ల తరబడి మరచిపోదు. ఆసుపత్రికి తోడు వెళ్లండి. వంటిల్లు మీరూ పట్టండి. ఆమె మచ్చ గూర్చి మాట్లాడాలనుకుంటే వినండి, మాట్లాడకూడదనుకుంటే పక్కన కూర్చోండి.

పని అంతా లాగివేసుకోవడం కూడా ప్రేమ అనిపించదు. నీరసం తగ్గిన రోజుల్లో చిక్కుడుకాయలు వలవడమో, మనవడికి పాఠం చెప్పడమో ఆమెకు వదలండి. తాను ఇంకా ఈ ఇంటి మనిషినేనని ఆమె చేతులకు తెలియాలి.

చుట్టుముట్టి చూడడానికి వెళ్లేవారు ఒక సంగతి గమనించాలి. కీమో అయిన తరువాతి వారాల్లో తెల్లకణాలు తగ్గుతాయి. దగ్గు, జలుబు ఉన్నవారు ఆ ఇంటి గడప తొక్కకూడదు. ఇద్దరు వెళ్లండి, పది నిమిషాలు ఉండండి. ఆమెకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లవారేవరకు ఆగకుండా ఆసుపత్రికి చేర్చండి.

రెండు వారాలకు పైగా నిద్రపట్టక, ఏ ఆశా లేక, చచ్చిపోతే బాగుండునని ఆమె అంటూ ఉంటే అది విశ్వాస లోపమని అనుకోవద్దు. మనసుకు వచ్చిన జబ్బు అది, దానికీ మందు ఉన్నది. డాక్టరుకు చెప్పండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

స్త్రీల సమాజానికి ఒక పని

మన ప్రాంతపు సంఘాలకు ఈ పని కొత్త కాదు. స్త్రీలు తమ జబ్బును పురుష వైద్యునికి చెప్పుకోలేని రోజుల్లో, 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ గుంటూరుకు వచ్చింది. 1898లో స్త్రీల కొరకు అక్కడ ఆసుపత్రి తెరిచింది. మందుతోపాటు, ఆడమనిషి బాధను వినే ఆడమనిషి ఒకరు ఆ రోజుల స్త్రీలకు దొరికింది. మన స్త్రీల సమాజాలు నేడు ఆసుపత్రులు కట్టనవసరం లేదు. వినే పనిని కొనసాగిస్తే చాలు.

ప్రతి సంఘంలో చికిత్స ముగించిన స్త్రీ ఒకరైనా ఉంటారు. ఆమెకు ఇష్టమైతే, కొత్తగా జబ్బు బయటపడిన సహోదరి దగ్గరకు ఆమెను తోడుకొని వెళ్లండి. టెరీస్ లాసర్ చేసినది ఇదే. సాక్ష్యం చెప్పమని పుల్పిట్ దగ్గరకు తొందరపెట్టవద్దు. ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి మీరు పక్కకు వెళ్లండి. జాకెట్టు ఎలా కుట్టించుకున్నదో, వాంతి వచ్చినప్పుడు ఏమి తిన్నదో, రాత్రులు ఎలా గడిపిందో వారే మాట్లాడుకుంటారు. అక్కడ చెప్పిన మాట అక్కడే ఉండాలి, బావి దగ్గరకు రాకూడదు.

కీమో రోజుల పట్టిక తీసుకొని ఎవరు ఏ రోజు తోడు వెళ్లాలో, ఎవరు పిల్లలకు క్యారేజీ కట్టాలో పంచుకోండి. కానుకల సంచిలో నుండి బస్సు ఛార్జీలకు కొంత కేటాయించండి. చికిత్స ముగిసిన తరువాత కూడా వెళుతూ ఉండండి. పరామర్శలు ఆగిపోయి ఇల్లు నిశ్శబ్దమైన ఆ నెలల్లోనే, మళ్లీ వస్తుందేమో అనే భయం ఎక్కువగా పీడిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న సహోదరీలారా, మీకూ ఒక మాట. రొమ్ములో నొప్పి లేని గడ్డ, చనుమొన నుండి రక్తపు చుక్క, ముట్టుడిగిన తరువాత రక్తస్రావం, భర్తతో కలిసిన తరువాత రక్తం కనబడడం, నోటిలో మానని పుండు, వీటిలో ఏది ఉన్నా సిగ్గుపడి దాచకండి. 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించే ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నది. ఏ.ఎన్.ఎమ్. అమ్మను అడగండి. త్వరగా కనిపెట్టిన కాన్సరులో చాలా భాగం నయమవుతుంది.

వచ్చే ఆదివారం ప్రార్థన మనవులు చదవకముందు, ఆ “ఒక సహోదరి” ఇంటికి వెళ్లి అడగండి. “అక్కా, నీ పేరు చెప్పి ప్రార్థన చేయమంటావా?” వద్దంటే ఆమె మాట నిలబెట్టండి. సరే అంటే ఆమె పేరు, ఆమె జబ్బు పేరు గొంతు తగ్గించకుండా చదవండి. వెనుక చాపల మీద కూర్చున్న ఇంకొక స్త్రీ, ఎవరికీ చెప్పని తన గడ్డను గూర్చి ఆ మధ్యాహ్నమే కూతురికి చెప్పవచ్చు.